బ్రెయిన్‌వీటా నేర్చుకుందాం – 4: కాపలా గోలీ ఎందుకు చస్తోంది?

బ్రెయిన్‌వీటా అంటే ఒక గోలీని పక్క గోలీ మీదుగా ఖాళీ గుంతలోకి దూకించి, దాటిన గోలీని ఎత్తేస్తూ చివరికి ఒక్కటే మిగిల్చే ఆట. పోయిన పాఠంలో మూడు గోలీలను ఒకే ఊపులో ఎత్తేయడం చెప్పుకున్నాం. చాలామందికి మూడూ పోయాయి గానీ, వాటితోపాటు కాపలా గోలీ (ఆ మూడింటినీ ఎత్తించి మళ్లీ తన గుంతకే తిరిగి రావాల్సిన గోలీ) కూడా పోయింది. కాబట్టి ఇవాళ కొత్తదేమీ లేదు.

అంకెలు పాతవే: ముందు అడ్డ వరస (పై నుంచి), తర్వాత నిలువు వరస (ఎడమ నుంచి); 42 అంటే నాలుగో అడ్డ వరసలో రెండో నిలువు వరస. నడిమి గుంత 44, మొదట్లో అదొక్కటే ఖాళీ. శిల్పారామంలో చెక్క బోర్డు కొన్నవాళ్లు ముందు గుంతలు లెక్కపెట్టండి, 33 ఉండాలి. 37 ఉంటే అది ఫ్రెంచ్ బోర్డు. దాంట్లో నడిమి గుంత ఖాళీగా మొదలుపెట్టి ఒక్క గోలీ మిగల్చడం ఎవరి తరమూ కాదు.

మొదటి ఎత్తు 42 నుంచి 44కి. ఇప్పుడు 42, 43 ఖాళీ. ఎత్తాల్సినవి 31, 32, 33. కాపలా 23.

23 → 43
31 → 33
43 → 23

చివర్లో 23 మళ్లీ నిండాలి, 43 ఖాళీ కావాలి. అలా లేకపోతే తప్పు మొదటి దూకుడు తర్వాతే జరిగింది. కాపలా గోలీ 43లో కూర్చోగానే రెండు ఉచిత దూకుళ్లు ఊరిస్తాయి: 44 నుంచి 42కి, 53 నుంచి 33కి. రెండూ చంపేది కాపలానే. దొరికింది కదా అని దూకడమే ఈ ఆటలో అసలు జబ్బు. మూడు దూకుళ్లనూ ఒకే ఎత్తుగా లెక్కేసుకోండి, మధ్యలో చేయి ఆపొద్దు.

ఇంకొందరు కాపలాను 31 వైపు వెతికారు. 31కి పైన గుంతే లేదు, దూకేదెక్కడికి? మూడింటిలో ఏ కొసకి ఒక పక్క గోలీ, ఎదురు పక్క ఖాళీ ఉందో ఆ కొసే పనికొస్తుంది.

కింద కూడా ఇదే నడుస్తుంది: 63 → 43, 51 → 53, 43 → 63. 25 గోలీలు మిగులుతాయి. కానీ 41 ఒంటరైపోతుంది. అది కదలాలంటే 44లోని గోలీ 43 మీదుగా 42కి రావాలి, వేరే దారి లేదు. నేనైతే కింది మూడింటినీ అప్పుడే ముట్టను.

సాధన: 24, 34, 44, 54, 64, 42, 43, 45, 46లో మాత్రమే గోలీలు పెట్టండి. 8 దూకుళ్లలో ఒక్కటే 44లో మిగలాలి. మొదటిది నేనే చెప్తా: 43 → 41. అవును, కావాలనే ఒంటరిని చేస్తున్నాం. దాన్ని వెనక్కి తెచ్చే దారి పైన చెప్పేశాను.