రాయగడ, బరంపురం నర్సులకు బ్రిటన్ రిజిస్ట్రేషన్: దరఖాస్తు విధానం

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం తెలుగు ఇళ్ల ఆడపిల్లలు చాలామంది విశాఖపట్నంలోనో శ్రీకాకుళంలోనో నర్సింగ్ చదివి, ఒడిశా ఆసుపత్రుల్లో ఉద్యోగం చేస్తుంటారు. బ్రిటన్ వెళ్లాలనుకోగానే ముందు ఇంగ్లిష్ కోచింగ్‌లో చేరతారు. నన్నడిగితే, దానికంటే ముందు ఇంట్లో ఉన్న సర్టిఫికెట్లన్నీ ఒకచోట పరిచి చూసుకోవాలి.

సరిహద్దు జిల్లాల్లో చిక్కంతా పేరు దగ్గరే. ఆంధ్రా కాలేజీ మార్కుల జాబితాలో ఇంటిపేరు ‘బి.’ అని ముందుంటుంది. ఒడిశా ధ్రువపత్రంలో అదే ఇంటిపేరు చివరికి వెళ్లి, ‘బెహరా’ కాస్తా ‘బెహెరా’ అవుతుంది. పాస్‌పోర్టులో మూడో రకం. మనకు అది ఒకే మనిషని తెలుసు, ఫైలు చూసే అధికారికి తెలియదు. పరీక్ష హాలులో చూపించేది పాస్‌పోర్టే కాబట్టి ముందు అందులో పేరు ఖాయం చేసుకుని, మిగతా పత్రాలు దానికి సరిపోయేలా దిద్దించుకోండి. ఒడియాలో ఉన్న పత్రాలకు అధీకృత ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి.

బ్రిటన్‌లో లైసెన్సు ఇచ్చేది అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్, అంటే ఎన్.ఎం.సి. వారి వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. జి.ఎన్.ఎం. (జనరల్ నర్సింగ్ డిప్లొమా), బి.ఎస్సీ. నర్సింగ్ రెండూ పనికొస్తాయి, ఎ.ఎన్.ఎం. (సహాయక నర్సు కోర్సు) ఒక్కటే ఉంటే సరిపోదు. మీ రిజిస్ట్రేషన్ నిజమైనదేనని మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నేరుగా ఎన్.ఎం.సి.కి తెలపాలి, మీ చేతికిచ్చిన కాగితం చెల్లదు. ఆంధ్రా కౌన్సిల్‌లోనూ ఒడిశా కౌన్సిల్‌లోనూ పేరుంటే రెండూ చెప్పండి, ఏదీ దాచవద్దు. రెన్యూవల్ గడువు దాటిపోయిందేమో కూడా ఇప్పుడే చూసుకోండి.

ఇంగ్లిష్ పరీక్షల్లో ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అకడమిక్ అయితే చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 రావాలి. ఆరోగ్య రంగం వారి ఇంగ్లిష్ పరీక్ష ఓ.ఇ.టి. అయితే మొదటి మూడింటిలో బి, రాయడంలో సి ప్లస్. ఒక విభాగంలో కొద్దిగా తగ్గినంత మాత్రాన కుంగిపోకండి. 12 నెలల లోపు అదే పరీక్షను రెండుసార్లు రాసి ఉంటే ఆ మార్కులను, కొన్ని షరతులకు లోబడి, కలిపి చూపించే వీలుంది.

తర్వాతది సి.బి.టి. అనే కంప్యూటర్ పరీక్ష. ఇది మన దేశంలోనే రాయవచ్చు. మొదటి భాగంలో 15 లెక్కలు, రెండో భాగంలో నర్సింగ్ మీద 100 ప్రశ్నలు. లెక్కలంటే వార్డులో రోజూ చేసేవే: డాక్టరు 75 మిల్లీగ్రాములు రాశారు, సీసా మీద మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములని ఉంది, సిరంజిలోకి ఎంత తీయాలి? ఒకటిన్నర మిల్లీలీటర్లు. చేతికి అలవాటైన పనే అయినా కాగితం మీద తడబడేవారున్నారు, రోజూ పది లెక్కలు చేయండి. ఒక భాగం తప్పితే ఆ భాగమే మళ్లీ రాస్తే చాలు.

చివరిది ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష, బ్రిటన్ వెళ్లాకే జరుగుతుంది. మొత్తం 10 స్టేషన్లు, ఒక్కోచోట ఒక్కో పని చేసి చూపాలి. రోగిని పరీక్షించడం, సంరక్షణ ప్రణాళిక రాయడం, మందు ఇవ్వడం, తర్వాతి వారికి వివరాలు అప్పగించడం వరుసగా చూస్తారు. మన దగ్గర రద్దీలో వదిలేసే చిన్న పనులే అక్కడ కీలకం: చేతులు కడుక్కోవడం, మీ పేరు చెప్పి పరిచయం చేసుకోవడం, రోగి చేతిపట్టీ చూసి పేరు, పుట్టిన తేదీ అడగడం, అనుమతి తీసుకోవడం. ఇప్పటినుంచే మీ వార్డులో ఇలా చేస్తూ ఉండండి. ఒక దరఖాస్తు మీద మూడు అవకాశాలే ఉంటాయి.

ఖర్చు చూస్తే, దరఖాస్తుకు 140 పౌండ్లు, సి.బి.టి.కి 83, ఓస్కీకి 794, రిజిస్ట్రేషన్‌కు 153. కట్టేముందు తాజా రుసుము ఎన్.ఎం.సి. వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఓస్కీ ఖర్చు భరించే ఆసుపత్రులూ ఉన్నాయి, ఉద్యోగం ఒప్పుకునేముందే అడగండి.

ఉద్యోగం చూపించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోకూడదని బ్రిటన్ నియామక నియమావళి చెబుతోంది. మన దేశంలో లైసెన్సున్న ఏజెంటు సేవా రుసుము కూడా 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. దాటకూడదు. లక్షలు అడుగుతూ పొలం తాకట్టు పెట్టమనే వారి పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లోని ఏజెంట్ల జాబితాలో ఉందో లేదో వెతకండి. అసలు సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా వదలకండి, ఎన్.ఎం.సి. దరఖాస్తుకు స్కాన్ కాపీలు చాలు.