టీమ్‌లో ఎవరూ తీసుకోని పని ఎవరి మీద పడుతోంది? ఆడా మగా తేడా అర్థం చేసుకుని పనులు పంచుకోవడం ఎలా

ఆడవాళ్ళు సర్దుకుపోతారు, మగవాళ్ళు పోటీకి దిగుతారు అనే మాట మనందరం చిన్నప్పట్నుంచి వింటూనే ఉన్నాం. ఈ ఒక్క మాట నమ్మి టీమ్‌లో పనులు పంచేస్తే ఎంత అన్యాయం జరుగుతుందో నేను దగ్గర్నుంచి చూశాను, అందుకే రాస్తున్నా. నలుగురైదుగురు కలిసి పనిచేసే టీమో, కమిటీయో, కాలేజీ ప్రాజెక్టో నడిపేవాళ్ళకి ఇది పనికొస్తుంది.

ముందు ఆ మాట ఎంత నిజమో చూద్దాం. నా ఒక్కడి లాభం చూసుకోనా, అందరికీ లాభం వచ్చేలా చేయనా అని మనిషిని ఇరకాటంలో పెట్టే ప్రయోగాలు దశాబ్దాలుగా జరుగుతున్నాయి. 2011లో డానియల్ బల్లియెట్, ఆయనతో పాటు ఇంకొందరు పరిశోధకులు 50 ఏళ్ళ ప్రయోగాలన్నీ కలిపి లెక్క తీశారు, 18 దేశాలు, 31 వేల మందికి పైగా మనుషులు. మొత్తం మీద ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ సహకారంలో తేడా దాదాపు సున్నా. కానీ ఎవరితో ఎవరు కూర్చున్నారో విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది, మగవాళ్ళు మగవాళ్ళతో ఉన్నప్పుడు, ఆడవాళ్ళు ఆడవాళ్ళతో ఉన్నప్పటికంటే కాస్త ఎక్కువ సహకరించుకున్నారు, ఇద్దరూ కలిసి ఉన్నచోట మాత్రం ఆడవాళ్ళే ఎక్కువ సహకరించారు. అంటే మనిషిని చూసి "ఈమె స్వభావమే అంత" అనుకోవడం కాదు, చుట్టూ ఎవరున్నారు, వాళ్ళు ఏం ఆశిస్తున్నారు అన్నది చూడాలి.

కాబట్టి మొదటి పని, ఒక నెల పాటు ఒక నోట్‌బుక్‌లో రాయండి. మీటింగ్ నోట్స్ ఎవరు రాశారు, అందరికీ ఫోన్ చేసి టైమ్ ఎవరు కుదిర్చారు, కొత్తగా చేరినవాళ్ళకి పని ఎవరు చూపించారు, వెళ్ళిపోయేవాళ్ళకి పార్టీ ఏర్పాట్లు ఎవరు చేశారు. ఎవరో ఒకరు చేయకపోతే కుదరదు, చేసినవాళ్ళకి మాత్రం పేరూ రాదు ప్రమోషనూ రాదు, అలాంటివన్నీ రాయాలి. పేరు పక్కన ఇంకో కాలమ్ పెట్టండి, వాళ్ళే ముందుకొచ్చారా, ఎవరైనా అడిగారా, అడిగితే ఎవరు అడిగారు. ఈ కాలమ్ వదిలేస్తే మిగతాదంతా రాసి లాభం లేదు.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, "ఇది ఎవరు చేస్తారు?" అని గదిలో అందరి ముందూ అడగడం మానేయండి. లిండా బాబ్‌కాక్, లీస్ వెస్టర్‌లుండ్, ఇంకో ఇద్దరు కలిసి 2017లో ప్రచురించిన ప్రయోగం చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ముగ్గురు ముగ్గురిని గ్రూపులు చేసి 2 నిమిషాలు టైమ్ ఇచ్చారు, ఆ లోపు ఎవరో ఒకరు బటన్ నొక్కాలి, ఎవరూ నొక్కకపోతే తలా 1 డాలర్, ఒకరు నొక్కితే నొక్కినవాళ్ళకి 1.25, మిగతా ఇద్దరికీ చెరో 2 డాలర్లు. అంటే ఎవరైనా నొక్కితే అందరికీ మంచిదే కానీ, పక్కవాళ్ళు నొక్కేదాకా ఆగినవాళ్ళకి ఇంకా మంచిది, అచ్చం మన మీటింగ్ నోట్స్ లాగే. ఆడా మగా కలిసిన గ్రూపుల్లో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు 48 శాతం ఎక్కువగా నొక్కారు. అదే అందరూ మగవాళ్ళే ఉన్న గ్రూపుల్లో మగవాళ్ళు చక్కగా నొక్కారు, ఆడవాళ్ళే ఉన్న గ్రూపులకీ వాళ్ళకీ తేడా లేదు! అంటే మగవాళ్ళకి చేతకాక కాదు, పక్కన ఆడవాళ్ళు ఉంటే వాళ్ళు చూసుకుంటారులే అన్న ధీమా. ఇంకో ప్రయోగంలో ఒక మనిషిని అదనంగా పెట్టి, గ్రూపులో ఎవరో ఒకరిని నువ్వు చెయ్యి అని అడగమన్నారు, అప్పుడు ఆడవాళ్ళని 44 శాతం ఎక్కువసార్లు అడిగారు, అడిగినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. అడిగితే ఒప్పుకున్నది ఆడవాళ్ళు 76 శాతం, మగవాళ్ళు 51 శాతం.

ఇక్కడ చాలామంది ఇచ్చే సలహా "ఆడవాళ్ళు నో చెప్పడం నేర్చుకోవాలి" అని. నాకు ఈ సలహా అస్సలు నచ్చదు. మాడెలిన్ హైల్‌మన్, జూలీ చెన్ 2005లో చూపించింది ఏంటంటే, ఆఫీసులో సాయం చేసిన మగవాడిని మెచ్చుకున్నారు, చేయని మగవాడికి పెద్దగా నష్టం లేదు, ఆడమనిషి సాయం చేస్తే అది మామూలే అన్నట్టు వదిలేశారు, చేయకపోతే మాత్రం తక్కువ చేసి చూశారు. ఇలాంటిచోట నో చెప్పమని భారం మళ్ళీ ఆమె మీదే పెట్టడం ఏం న్యాయం? పంచే పద్ధతి మార్చాల్సింది టీమ్ నడిపేవాళ్ళే. వంతులు వేయండి, లేదా చీటీలు తీయండి, ఈ నెల నోట్స్ ఫలానావాళ్ళు, వచ్చే నెల తర్వాతి పేరు, ఎవరికైనా కుదరకపోతే ఇంకొకరితో మార్చుకోవచ్చు కానీ ఆ వంతు తర్వాత తీర్చాలి. ఇది చేస్తే సగం గొడవ అక్కడే తగ్గిపోతుంది.

లీడర్‌నో స్పీకర్‌నో ఎంచుకునేటప్పుడు దీనికి సరిగ్గా ఎదురు సమస్య వస్తుంది, చేయగలిగినవాళ్ళే ముందుకు రారు. మురియల్ నీడర్లే, వెస్టర్‌లుండ్ 2007లో చూపించారు, కూడికలు చేసే పనిలో ఆడా మగా సమానంగానే చేశారు, కానీ తర్వాత పోటీ పద్ధతిలో, అంటే గెలిచినవాళ్ళకే డబ్బు వచ్చే పద్ధతిలో, ఆడతారా అంటే మగవాళ్ళలో 73 శాతం, ఆడవాళ్ళలో 35 శాతం సరే అన్నారు. ఇదీ పుట్టుకతో వచ్చిందేనా అంటే, ఆస్తి తల్లి వైపునుంచి వచ్చే మేఘాలయ ఖాసీల్లో చేసిన ప్రయోగంలో ఆడవాళ్ళే మగవాళ్ళకంటే ఎక్కువగా పోటీని ఎంచుకున్నారు, 2009లో వచ్చింది ఆ పేపర్. అందుకే "ఎవరికి ఇంట్రెస్ట్ ఉంది, చేతులెత్తండి" అనకండి, అర్హత ఉన్న అందరి పేర్లూ ముందే లిస్టులో పెట్టి, వద్దనుకునేవాళ్ళు పేరు తీసేయించుకోమనండి.

డబ్బు పంచేచోట ముందు రూల్ తేల్చుకోండి, అంకెలు తర్వాత. ఆండ్రియోని, వెస్టర్‌లుండ్ 2001 ప్రయోగంలో ఇవ్వడం ఖరీదైనప్పుడు, అంటే తాము వదులుకున్నదానికంటే ఎదుటివాళ్ళకి తక్కువ చేరినప్పుడు ఆడవాళ్ళు ఎక్కువ ఇచ్చారు, చవకైనప్పుడు, అంటే వదులుకున్నదానికంటే ఎక్కువ చేరినప్పుడు మగవాళ్ళు ఎక్కువ ఇచ్చారు, ఆడవాళ్ళు సమానంగా పంచడం వైపు మొగ్గారు. సమానంగానా, మొత్తం లాభం పెరిగేలానా అన్నది మాట్లాడుకోకుండా కూర్చుంటే ఒకరికి ఇంకొకరు స్వార్థపరుల్లా కనిపిస్తారు, నిజానికి ఇద్దరూ న్యాయమే అనుకుంటూ ఉంటారు.

నిర్ణయం తీసుకునే మీటింగ్‌లో మొదటి 5 నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా అభిప్రాయం కాగితం మీద రాయండి, తర్వాత వరసగా ఒక్కో కాగితం చదవండి, చర్చ ఆ తర్వాతే. అనిత వుల్లీ వాళ్ళు 2010లో దాదాపు 700 మందితో చేసిన పనిలో, గ్రూపు బాగా చేయడానికి అందులో ఒక మేధావి ఉండటం కంటే, అందరికీ మాట్లాడే వంతు సమానంగా రావడం, ఎదుటివాళ్ళ మనసు కనిపెట్టగలగడం ఎక్కువ అక్కరకొచ్చాయి. ఆడవాళ్ళు ఎక్కువ ఉన్న గ్రూపులు మెరుగ్గా చేశాయి, అదీ చాలావరకు ఈ కనిపెట్టే నేర్పు వల్లే.

వంతులు మొదలుపెట్టాక కూడా కొత్త నోట్‌బుక్‌లో అలాగే రాస్తూ ఉండండి, రెండు నెలలయ్యాక పాత నోట్‌బుక్ తీసి కొత్తదాంతో పక్కపక్కన పెట్టి చూడండి, "అడిగారు" అన్న కాలమ్‌లో ఇంకా అవే పేర్లు వస్తుంటే వంతులు ఎక్కడో జారుతున్నట్టే. అన్నట్టు ఈ నోట్‌బుక్ రాయడం, చీటీలు వేయడం కూడా ఒక పనే, అది ఎప్పుడూ ఒకరికే వదిలేయకుండా దాన్నీ వంతుల లిస్టులో చేర్చండి.