ఎండకూ కరెంటుకూ తట్టుకునే గేమింగ్ కంప్యూటరు: విడిభాగాల ఎంపిక

గేమింగ్ కంప్యూటరు అసెంబుల్ చేయించుకునేవారిలో చాలామంది డబ్బంతా గ్రాఫిక్స్ కార్డుకూ ప్రాసెసరుకూ కేటాయించి, మిగిలినదానితో భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ సరిపెట్టుకుంటారు. మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరి, ఈదురుగాలి వీచినప్పుడల్లా కరెంటు పోయి వచ్చే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వంటి ఊళ్లలో ఈ పద్ధతి పనికిరాదు. ఇక్కడ యంత్రం ఎంతకాలం నిలుస్తుందో నిర్ణయించేవి ఆ చివరి రెండు భాగాలే కనుక, వాటికి కావలసిన డబ్బు ముందే పక్కన పెట్టి, తరువాత మిగతావాటి సంగతి చూడాలి.

ఎంపిక మానిటరుతో మొదలుకావాలి. 1920×1080 తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటే, 2560×1440 తెరలో 36.8 లక్షలకు పైగా ఉంటాయి. అంటే గ్రాఫిక్స్ కార్డు ప్రతి ఫ్రేముకూ దాదాపు ఒకటిముప్పావు రెట్ల పిక్సెళ్లను గీయవలసి వస్తుంది. మొదటిసారి కొనేవారికి 1080 తెర, 144 హెర్ట్జ్ వేగం (సెకనుకు 144 సార్లు బొమ్మ మారడం) చక్కగా సరిపోతాయి. ఈ తెరకు ఆర్‌టీఎక్స్ 4060 స్థాయి కార్డు చాలు. దాని విద్యుత్ వినియోగం 115 వాట్లే కావడం, మన గదుల వేడిని తలచుకుంటే, చిన్న విషయమేమీ కాదు. అయితే కొత్త ఆటలు 8 జీబీ వీడియో మెమరీని త్వరగా నింపేస్తున్నాయి కనుక, స్తోమత ఉంటే 12 లేదా 16 జీబీ ఉన్న కార్డు తీసుకోవడం మేలు.

ప్రాసెసరు విషయంలో ఆరు కోర్లు (లెక్కలు చేసే విభాగాలు) చాలు. ఏఎండీ సంస్థ రైజెన్ 5 7600 అందుకు మంచి ఉదాహరణ. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉన్న ప్రాసెసర్లు కొంత చౌకగా దొరుకుతాయి గానీ, వాటిలో పనిచేసే అంతర్గత గ్రాఫిక్స్ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు పాడై హైదరాబాదులోని సర్వీసు కేంద్రానికి పంపవలసి వస్తే, అది తిరిగి వచ్చేదాకా తెర మీద బొమ్మే రాదు. ఆటతో పాటు చదువుకో, కొలువుల దరఖాస్తులకో అదే కంప్యూటరును వాడే ఇంట్లో ఆ కాస్త ఆదాకు ఆశపడకూడదు. ఈ రైజెన్ మదర్‌బోర్డులో కూర్చునే, 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌ను 2027 వరకైనా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది కనుక, ముందుముందు మదర్‌బోర్డు మార్చకుండానే మెరుగైన ప్రాసెసరు వేసుకునే వీలుంటుంది. ఈ సాకెట్‌కు డీడీఆర్5 ర్యామ్ మాత్రమే సరిపోతుంది. 16 జీబీ ఒకే స్టిక్కుగా కాక, 8 జీబీవి రెండు తీసుకుంటే రెండు దారుల్లో ఒకేసారి డేటా సాగే డ్యూయల్ ఛానెల్ లాభం దక్కుతుంది. ఆటలు దాచుకునే ఎస్‌ఎస్‌డీ 1 టీబీది, వేగంగా పనిచేసే ఎన్‌వీఎంఈ రకం తీసుకోండి. ఆటలు పెద్దవి, 500 జీబీ ఇట్టే నిండిపోతుంది.

ఇక ఎస్‌ఎంపీఎస్. పై భాగాలన్నీ కలిసి ఎక్కువలో ఎక్కువ 270 వాట్ల దాకా లాగుతాయి. 550 వాట్లది నిశ్చింతగా మోస్తుంది. పెట్టె మీది ‘80 ప్లస్’ గుర్తు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుకుంటుందో చెబుతుందే తప్ప, తయారీ నాణ్యతకు హామీ కాదు. మనం చూడవలసింది ఆ వాట్లను ఏ ఉష్ణోగ్రత వద్ద ఇవ్వగలదన్న వివరం. కొన్నింటిని 40 డిగ్రీల వద్ద, మేలైనవాటిని 50 డిగ్రీల వద్ద లెక్కగడతారు. ఆ వివరమే ఇవ్వనిదాన్ని వేసవి మధ్యాహ్నం నమ్ముకోలేం. ఐదేళ్లకు తక్కువ వారంటీ ఉన్నదాన్ని నేనైతే ఎవరికీ సూచించను.

దీనికి తోడు, కరెంటు పోయిన క్షణంలోనే బ్యాటరీతో నడిపించే యూపీఎస్ తప్పనిసరి. సాధారణంగా దొరికే 600 వీఏ యూపీఎస్ సామర్థ్యం సుమారు 360 వాట్లు. మానిటరును కూడా కలిపితే ఆట నడుస్తున్నప్పుడు అది అంచుకు చేరుతుంది. 1000 వీఏ తీసుకుంటే ఊపిరి పీల్చుకునే సందు ఉంటుంది. ఇంటి ఇన్వర్టరుకే కలపదలిస్తే అది ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటు లాంటి నునుపైన తరంగం) రకమై, వెంటనే బ్యాటరీకి మారే యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో నేటి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని సరిగా పనిచేయవు. అన్నిటికంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కంప్యూటరు ప్లగ్గు పెట్టే గోడ సాకెట్‌కు ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో పరీక్ష చేయించండి. మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనుక తీగ ఉన్నట్టు కాదు.

గది వేడి ఎంత పెరిగితే లోపలి వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. 28 డిగ్రీల గదిలో 75 దగ్గర ఉండే ప్రాసెసరు, 42 డిగ్రీల గదిలో 89 చేరుతుంది. రైజెన్ 7600కు 95 డిగ్రీలే హద్దు, ఆ పైన అది తన వేగం తానే తగ్గించుకుంటుంది. అందుకే పెట్టెతో వచ్చే చిన్న కూలరును పక్కన పెట్టి, 120 మిల్లీమీటర్ల ఫ్యానున్న టవర్ కూలరు కొనండి. క్యాబినెట్ ముందు భాగం అద్దంతో మూసుకుపోయి ఉండకూడదు. జాలీ ఉండాలి, దాని వెనుక విప్పి కడుక్కోగల ఫిల్టరు ఉండాలి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల చుట్టుపక్కల ఉండేవారికి ఊక బూడిద సంగతి చెప్పనక్కరలేదు. వారు ఫిల్టరును రెండు వారాలకోసారి దులపాలి. ముందు నుంచి గాలి లోపలికి లాగే ఫ్యాన్లు రెండు, వెనుక బయటికి తోసేది ఒకటి ఉంటే, సందుల గుండా దుమ్ము చొరబడడం తగ్గుతుంది. నీటితో నడిచే ఎయిర్ కూలరుకు ఎదురుగా మాత్రం క్యాబినెట్‌ను పెట్టకండి, తుంపర లోపలికి పోతుంది.

కొనడానికి సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేవారు జాబితా రాసుకొని, నాలుగైదు దుకాణాల్లో ధర అడిగి, 18 శాతం జీఎస్టీ కలిపే చెబుతున్నారా అని తేల్చుకోవాలి. ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లులో ఉండాలి. అది లేకపోతే వారంటీ అడగడం కష్టమవుతుంది. అక్కడే బిగించి ఇచ్చినా, బస్సు కుదుపులకు స్లాటు దెబ్బతినకుండా గ్రాఫిక్స్ కార్డును ఊడదీసి దాని పెట్టెలోనే తెచ్చుకోండి. ఇంటికి వచ్చాక కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లో ఎక్స్‌పో (ర్యామ్ వేగం అమరిక) ఆన్ చేస్తేనే ర్యామ్ పూర్తి వేగంతో నడుస్తుంది. ఆ తరువాత ఒక బరువైన ఆటను గంటసేపు ఆడి ఉష్ణోగ్రతలు చూసి, ఆట నడుస్తుండగానే యూపీఎస్ ప్లగ్గు దగ్గర స్విచ్చి ఆపి, కంప్యూటరు ఆగకుండా నిలుస్తుందో లేదో గమనించండి.