కెమికల్ పీల్ చేయించుకోవాలంటే నెల ముందు నుంచే ఏం చేయాలి?

కెమికల్ పీల్ అంటే యాసిడ్ రాసి చర్మం పై పొరను ఊడిపోయేలా చేసే చికిత్స. అది చేయించుకున్నాక ముఖం ఇంకా నల్లబడిందని ఎవరైనా నాతో చెబితే ముందు రెండే అడుగుతాను. నెల రోజులుగా సన్‌స్క్రీన్ రాశారా? రాత్రి రాసుకునే క్రీమ్ ఎప్పుడు ఆపారు? చాలామంది దగ్గర జవాబుండదు. మంగు మచ్చల కోసం ఎనిమిదేళ్లుగా పీల్స్ చేయించుకుంటున్నాను, కుర్చీలో కూర్చునే ఆ ఐదు నిమిషాల గురించి తప్ప ఎవరూ ఏమీ అడగరు. అసలు పనంతా అంతకు ముందే ఉంది.

పీల్ రకాలు త్వరగా చెప్పేస్తాను. పై పొర వరకే పనిచేసేవి గ్లైకాలిక్, లాక్టిక్, మాండెలిక్, శాలిసిలిక్ యాసిడ్లు. ఒక్కసారితో అయిపోవు, రెండు నుంచి నాలుగు వారాల తేడాతో కొన్నిసార్లు చేయించుకోవాలి. 35% టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్) లాంటివి ఇంకాస్త లోతుకు వెళ్తాయి, మానడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఫినాల్ పీల్ చాలా లోతైనది, గుండె లయ మీద కూడా ప్రభావం చూపగలదు కాబట్టి మానిటర్ పెట్టి చేస్తారు. చామనఛాయ, నలుపు చర్మాలకు దాని జోలికి వెళ్లొద్దు. మొదటిసారి అయితే మాండెలిక్ లేదా లాక్టిక్‌తోనే మొదలుపెట్టాలి. మాండెలిక్ అణువు పెద్దది, అందుకే నెమ్మదిగా లోపలికి వెళ్తుంది, మంట తక్కువ.

డాక్టర్‌కి దాచకుండా చెప్పాల్సినవి: గర్భం, పాలివ్వడం, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడటం, ఆస్పిరిన్ పడకపోవడం, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బి గట్టిపడటం. పెదవి దగ్గర ఎప్పుడైనా నీటి పొక్కులు వచ్చి ఉంటే అదీ చెప్పండి. పీల్ వల్ల అవి తిరగబెట్టొచ్చు, అందుకే ముందే మాత్ర ఇస్తారు.

ఇక అందరూ చెడగొట్టుకునే దగ్గరికి వద్దాం.

మన రంగు చర్మంలో మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం, తయారుచేసే కణాలు చాలా చురుగ్గా ఉంటాయి. చిన్న మంట, చిన్న గాయం చాలు, అక్కడ రంగు ఎక్కువగా తయారుచేసేస్తాయి. పీల్ అంటే కావాలని చేసే గాయమే కదా. ఆ కణాలను ముందే శాంతపరచాలి, దానికి రెండు నుంచి నాలుగు వారాలు కావాలి. నా లెక్కలో నాలుగు వారాలే, రెండు సరిపోవు. ఆ రోజుల్లో పొద్దున ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువున్న సన్‌స్క్రీన్, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా గీసినంత, మొహానికీ మెడకీ కలిపి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. రాత్రి డాక్టర్ రాసిన క్రీమ్. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న తెల్లబరిచే క్రీమ్ కాదు, వాటిలో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి, చర్మాన్ని పలుచన చేస్తాయి.

ఆ రాత్రి క్రీమ్‌లో రెటినాయిడ్ (విటమిన్ ఏ రకం మందు) ఉంటే పీల్‌కి వారం ముందు ఆపేయాలి. అది పై పొరను పలుచన చేస్తుంది, దాని మీద యాసిడ్ పడితే ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ లోపలికి దిగుతుంది. డబ్బా మీద రెటినాల్, రెటినాల్డిహైడ్, ట్రెటినాయిన్, అడాపలీన్, వీటిలో ఏ పేరున్నా ఒకటే. నా రెండో పీల్‌కి ముందు ట్రెటినాయిన్ ఆపాను గానీ, ముడతల క్రీమ్‌లో రెటినాల్ ఉందని చూడలేదు. దవడ మీద కాలి, నాలుగు నెలలు నల్లటి మచ్చ ఉండిపోయింది. అప్పటి నుంచి అద్దం దగ్గరున్న ప్రతి డబ్బా వెనక చదువుతాను, మీరూ చదవండి. స్క్రబ్, వ్యాక్సింగ్, థ్రెడింగ్, బ్లీచ్ కూడా ఆ వారం వద్దు. ఎండలో తిరిగి మొహం కమిలి ఉంటే అపాయింట్‌మెంట్ మార్చుకోండి, టెన్షన్ పడి వెళ్లిపోకండి.

ఇంట్లోనే చేసుకుంటాం అనేవాళ్లకు ఒక మాట. సీసా మీద యాసిడ్ 30% అని ఉంటే సరిపోదు, పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే కొలత) ఎంతో తెలియకపోతే అది ఎంత ఘాటో తెలియదు. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా అమ్మే గాఢమైన పీల్స్ కొనొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జులైలో హెచ్చరించింది కూడా. కాలుతున్నప్పుడు ఎక్కడ ఆపాలో చూసి చెప్పే మనిషి పక్కన ఉండాలి.

ఆ రోజు పెద్దగా ఏమీ ఉండదు. వారాంతం ముందు సాయంత్రం పెట్టుకోండి, వేరే రోజు వద్దు. చురచుర మామూలే, ఒక్కచోటే భరించలేనంత మండితే వెంటనే చెప్పండి. గ్లైకాలిక్‌ను సమయం చూసి తటస్థం చేసి కడగాలి. శాలిసిలిక్ పెట్టాక తెల్లటి పొడిలా కనబడితే భయపడకండి, అది ఎండిన యాసిడే.

మూడో రోజుకి పొట్టు లేస్తుంది. లాగొద్దు. వేలాడుతున్న ముక్క చిరాకు పెడితే శుభ్రమైన చిన్న కత్తెరతో కత్తిరించండి, అంతే. వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఇంకేదీ రాయొద్దు. పొట్టు పూర్తిగా ఆగాకే రెటినాయిడ్ మళ్లీ మొదలుపెట్టాలి. బొబ్బలు, చీము, తగ్గకుండా పెరిగే ఎరుపు కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు డాక్టర్‌కి చూపించండి.