తడక గోడకు కట్టె, వెదురు ఎంచుకునే పద్ధతి

ప్రాణహిత గోదావరిలో కలిసే సిరొంచ ప్రాంతపు ఊళ్ళలో తడక గోడ, అంటే గుంజల మధ్య వెదురు అల్లి మట్టి మెత్తే గోడ, కట్టదలచినవారు ఏ చెట్టు గట్టిదని మొదట అడుగుతారు. దానికన్నా ముందు గోడలోని ఏ భాగానికి ఏ గుణం కావాలో తేల్చుకోవడం మేలు. నేలలో పాతే గుంజకు చెదను తట్టుకునే చేవ అవసరం, అల్లే దబ్బకు, అంటే చీల్చిన బద్దకు, విరగకుండా వంగే గుణం అవసరం, ఈ రెండూ ఒకే కట్టెలో అరుదుగా దొరుకుతాయి.

గుంజలకు టేకు, ఏగి, సండ్ర శ్రేష్ఠం. కోసిన ముఖం నడుమ ముదురు రంగులో ఉండే చేవ ఎంత వెడల్పుందో చూడాలి. చేవ పట్టని లేత వాసం టేకుదైనా చెదకు ఆహారమే.

అల్లికకు ఈ అడవుల్లో పెరిగే, లోపల దాదాపు గుల్లలేని గట్టి వెదురును మించినది లేదని నా అభిప్రాయం. అయితే జాతి ఎంత మంచిదైనా ఈడు తప్పితే గోడ నిలవదు. కణుపుల వద్ద తొడుగులు, పైన తెల్లని పొడి ఇంకా ఉన్న బొంగు ఆ ఏటిది, దానిని వదిలేయాలి. తొడుగులు రాలి, నిగనిగ తగ్గి, మచ్చలు పడిన మూడు నాలుగేళ్ళ బొంగును కోయాలి. కొత్త పిలకలు పొద అంచున వస్తాయి గనుక ముదురువి సాధారణంగా నడుమ దొరుకుతాయి. పిలకలు లేచే వానాకాలంలో పొద జోలికి పోకుండా, వానలు వెళ్ళాక చలికాలంలో, నేలకు దగ్గరి కణుపుకు సరిగ్గా పైన కోస్తే మోడులో నీరు నిలవదు. బొంగులోని పిండిపదార్థం కోసమే పుప్పి పురుగు తొలుస్తుంది. అందుచేత ఆ పిండి పోయేలా రెండు నుంచి నాలుగు వారాలు నీటిలో ముంచి ఉంచి, తరువాత నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. 2017 నాటి అటవీ చట్ట సవరణతో అటవీయేతర భూమిలోని వెదురు, చట్టంలోని ‘చెట్టు’ అనే నిర్వచనం నుంచి తొలగింది గానీ అడవి వెదురుకు అనుమతి, గ్రామసభ హక్కులు చూసుకోవాలి.

దబ్బ పైచర్మం నున్నగా ఉండటం వల్ల మట్టి పట్టదు. కాబట్టి ఒక దబ్బ చర్మం లోపలికి, తరువాతిది బయటికి వచ్చేలా మార్చి మార్చి అల్లి, వేలెడు సందు వదిలితే, ఇరువైపులా మెత్తిన మట్టి సందుల్లో ఒకదానినొకటి పట్టుకుంటుంది.

వెదురు దొరకనిచోట వావిలి చువ్వలు చక్కగా వంగుతాయి. కొట్టిన మొదలు మళ్ళీ చిగురిస్తుంది. పచ్చిగా అల్లినవి ఎండి వదులవుతాయి గనుక కొన్ని రోజుల తరువాత వరుసలను కిందికి దిగగొట్టి పైన కొత్తవి చేర్చాలి. పత్తి కట్టె ఎండితే పెళుసు, దానిని పచ్చిదనం పోకముందే వాడాలి. చెట్టుకు మిగిలిన గుడ్డికాయల్లో, అంటే సరిగా విచ్చుకోని కాయల్లో, గులాబీ రంగు పురుగు దాగి ఉంటుంది కాబట్టి వాటిని ముందే దులిపి కాల్చివేయాలి. రెల్లు, జమ్ము మట్టి పూయని అడ్డుతడకలకు చాలు. లోపల బోలుగా, మెత్తగా ఉండే పిచ్చితూటి కాడ కంచెకు తప్ప గోడకు పనికిరాదు.

కట్టుకు అడ్డాకు తీగ నార, మోదుగ వేరు నార రెండూ మంచివే. పొడిగా వంచితే ముడి వద్ద చిట్లుతాయి కాబట్టి నానబెట్టి కట్టాలి.