కొత్త బ్రేక్ ప్యాడ్లు సరిగా కూర్చోవడం లేదా? పాత ప్యాడ్‌ను కూడా అనుమానించండి

"కారు జాకీ మీద ఉంది, చక్రం విప్పేశాను, కొత్త ప్యాడ్ పట్టడం లేదు. ఇప్పుడేం చేయాలి?" ఆదివారం మధ్యాహ్నం నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. ప్రతిసారీ నేను అడిగేది ఒకటే. కొనడానికి వెళ్లినప్పుడు పాత ప్యాడ్ చేతిలో ఉందా? ఉండదు. కారు పేరు, సంవత్సరం చెప్పి డబ్బా తెచ్చుకుని ఉంటారు. చక్రం విప్పడానికి పదిహేను నిమిషాలు చాలు. ముందు విప్పండి, పాత ప్యాడ్ తీయండి, దాన్ని పట్టుకుని దుకాణానికి వెళ్లండి. దయచేసి ఈ ఒక్క పని మానకండి.

జాకీతో పాటు స్టాండ్ పెట్టడం, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) విప్పడం, అందులోని పిస్టన్‌ను లోపలికి నొక్కడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

ప్యాడ్ బ్రాకెట్‌లోకి (ప్యాడ్ కూర్చునే ఇనుప చట్రంలోకి) పోదు, లేదా పోయి వదులుగా ఆడుతుంది

కారణం: మీరు అడిగిన కారు వేరు, మీ ఇంటి ముందున్న కారు వేరు. "స్విఫ్ట్ ప్యాడ్లు ఇవ్వండి" అంటే దుకాణదారు ఏ స్విఫ్టుకి ఇవ్వాలి? 2005లో వచ్చినదానికా, 2011, 2018, 2024లో అదే పేరుతో వచ్చిన వాటిలో ఒకదానికా? 2018 తొలి నెలల్లో రిజిస్టర్ అయిన కారు పాత తరానిదీ కావచ్చు, కొత్త తరానిదీ కావచ్చు. మనవాళ్లు చెప్పే సంవత్సరం సాధారణంగా రిజిస్ట్రేషన్ అయిన సంవత్సరం. డిసెంబరులో తయారై షోరూములో నిలబడి ఫిబ్రవరిలో బయటికి వచ్చిన కారుకి ఆ లెక్క పనికిరాదు.

పరిష్కారం: ఆర్‌సీ తీయండి. అందులో తయారైన నెల, సంవత్సరం విడిగా ఉంటాయి. దాని దగ్గరే 17 అక్షరాల చాసిస్ నంబరు ఉంటుంది. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నా, నిలువు గీతలా కనిపించేది ఒకటి. ఆ నంబరును కంపెనీ విడిభాగాల కౌంటరులో చెబితే మీ కారుకే సరిపోయే పార్ట్ నంబరు ఇస్తారు. అది తెలిశాక మీకు నచ్చిన తయారీదారు ప్యాడ్లు కొనుక్కోవచ్చు. కంపెనీ ముద్ర ఉన్న డబ్బానే కొనాలని నేను చెప్పను, నంబరు మాత్రం సరిపోలాలి.

ప్యాడ్ పట్టింది, కానీ చక్రం వేడెక్కుతోంది

నన్ను ఎక్కువగా ఏడిపించిన సమస్య ఇది. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఒక చిన్న కారు ముందు చక్రాలకు ప్యాడ్లు మార్చాను. ఓనరే తెచ్చుకున్నారు. పాత ప్యాడ్‌ను, కొత్త ప్యాడ్‌ను వీపుకి వీపు ఆనించి చూశాను. ఇనుప పలక ఆకారం ఒకటే, మందు, అంటే డిస్కును రాసే పదార్థం, అతికిన చోటు ఒకటే. పలక రెండు చివర్లా బయటికి పొడుచుకొచ్చే కొనలను మేము చెవులంటాం. కొత్తదాని చెవి పాతదానికంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది. పాతది అరిగి ఉంటుందిలే అనుకున్నాను. కొంచెం తట్టితే లోపలికి వెళ్లింది. పది రోజులకే కారు తిరిగి వచ్చింది. కుడి చక్రం కాలిపోతోంది, మైలేజీ పడిపోయింది.

క్యాలిపర్ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు తీసి శుభ్రం చేసి గ్రీజు పెట్టాను. మళ్లీ వచ్చింది. పిస్టన్ ఇరుక్కుంటోందని దాని రబ్బరు సీల్ కిట్ మార్చాను. మళ్లీ వచ్చింది. మూడోసారి మూలన పడేసిన పాత ప్యాడ్‌ను ఎండలో పెట్టి చూశాను. చెవుల అంచుల మీద సన్నని ఏటవాలు గీతలు, ఒకదాని పక్కన ఒకటి, దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆకురాయి గీతలు! పలక అంతటా నల్ల రంగు ఉంది, ఆ అంచుల మీద మాత్రం లేదు. ఇనుము బయటపడి తుప్పు పట్టింది. అంతకుముందు ఎవరో తప్పు ప్యాడ్లు తెచ్చి, పట్టకపోతే చెవులు రాకి, బిగించి పంపారు. ఆ తప్పు ప్యాడ్‌నే నేను నమూనాగా పెట్టుకుని, అదే రకం తప్పు ప్యాడ్‌ను మళ్లీ బిగించాను.

చాసిస్ నంబరుతో అడిగితే అసలు సంగతి తేలింది. అదే మోడలు, అదే ఇంజను, అదే సంవత్సరం. కానీ కంపెనీ ఆ కారుకి ఇద్దరు వేర్వేరు తయారీదారుల క్యాలిపర్లు వాడింది. ప్యాడ్లు రెండూ కవలల్లా ఉంటాయి, తేడా అంతా చెవిలోనే.

చెవి కొద్దిగా ఎక్కువైనా ఏమవుతుందో చూడండి. బ్రేకు వదిలాక ప్యాడ్ బ్రాకెట్‌లో వెనక్కి జరగాలి. బిగుసుకుంటే అక్కడే ఆగి డిస్కును రాస్తూ ఉంటుంది. వేడికి ఇనుము వ్యాకోచించి ఇంకా బిగుస్తుంది. మందు ఒక పక్క వాలుగా అరిగిపోతుంది. ఇనుప పలక డిస్కును కోసేదాకా కొందరికి తెలియనే తెలియదు.

పరిష్కారం ఇది. పాత ప్యాడ్ తెమ్మని పైన చెప్పాను, అది ఇప్పటికీ నిజమే. అయితే దాన్ని నమ్మే ముందు చెవుల అంచులు చూడండి. ఫ్యాక్టరీలో అచ్చుతో కోసిన అంచు తిన్నగా ఉంటుంది, రంగు దాని మీదికీ పాకి ఉంటుంది. గీతలు, మెరుపు, రంగు లేని అంచు కనిపిస్తే ఆ ప్యాడ్‌ను పక్కన పెట్టండి. బ్రాకెట్‌లోని స్టీలు క్లిప్పులు ఉండగానే వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పనిముట్టు)తో చెవి కూర్చునే గాడి ఎత్తు కొలవండి. కొత్త ప్యాడ్ చెవి దానికంటే కొద్దిగా తక్కువ ఉండాలి. క్యాలిపర్ ఒంటి మీద పోతలోనే వచ్చిన అక్షరాలు, అంకెలు ఉంటాయి. మట్టి తుడిచి ఫోనులో ఫొటో తీసి దుకాణంలో చూపించండి. రెండు రకాల క్యాలిపర్లు వచ్చిన కార్ల సంగతి తెలిసిన దుకాణదారు ఆ ఫొటో చూడగానే డబ్బా మారుస్తాడు.

చివరి పరీక్షకు ఏ పనిముట్టూ అక్కర్లేదు. ప్యాడ్‌ను గాడిలో పెట్టి బొటనవేలితో నెట్టండి, జారాలి. వేలితో లాగితే తిరిగి రావాలి. సుత్తి అవసరమైందంటే ఆ ప్యాడ్ మీ కారుది కాదు. ఆకురాయి అసలే పట్టకండి. ఈరోజు మీరు రాకిన ప్యాడ్ రెండేళ్ల తర్వాత ఇంకో మెకానిక్‌కి నమూనా అవుతుంది.

ఇలాగే కనిపించే ఇంకో కారణం ఉంది. స్టీలు క్లిప్పు కింద తుప్పు పొంగితే గాడి ఇరుకై సరైన ప్యాడ్ కూడా బిగుస్తుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ల కార్లలో ఇది మామూలు. క్లిప్పులు ఊడదీసి, వైరు బ్రష్‌తో బ్రాకెట్‌ను మెరిసేదాకా రుద్ది, మళ్లీ ప్యాడ్ పెట్టి చూడండి. అప్పుడు జారితే ప్యాడ్ మంచిదే. కొత్త క్లిప్పులు వేయండి. ఈ పని చేయకుండా ప్యాడ్ తప్పని తేల్చకండి.

మొదటి రోజు నుంచే కీచుమనే శబ్దం

ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు దగ్గరపడ్డాక డిస్కును తాకి అరవడానికి ఒక చిన్న ఇనుప నాలుక పెడతారు. చాలా కార్లలో అది పిస్టన్ వైపు ప్యాడ్‌కు ఉంటుంది. లోపలిదాన్ని బయట, బయటిదాన్ని లోపల వేస్తే, లేదా బిగించేటప్పుడు ఆ నాలుక వంగితే కొత్త ప్యాడ్ కూడా అరుస్తుంది. విప్పేటప్పుడే రెండు వైపులా ఫొటో తీసుకోండి. ప్యాడ్ వెనక శబ్దం రాకుండా ఉండే పల్చటి షిమ్ రేకు వేయడం మర్చిపోయినా శబ్దమే. కొత్త ప్యాడ్‌కు షిమ్ అతికే వచ్చిందని చూడకుండా పాతది కూడా వేస్తే మందం పెరిగి చక్రం బిగుస్తుంది.

ప్యాడ్ అంచు డిస్కును దాటి బయటికి ఉంది

డిస్కు సైజు వేరు. ఒకే కారులో వేరియంటును బట్టి, ఇంజనును బట్టి డిస్కులు మారుతుంటాయి. దీనికి సర్దుబాటు లేదు, ప్యాడ్లు వెనక్కి ఇచ్చేయండి.

బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగుతోంది

ఒక వైపు ఒక కంపెనీవి, రెండో వైపు ఇంకో కంపెనీవి వేశారా? నాలుగు ప్యాడ్లు కలిస్తేనే సెట్టు. ఎడమా కుడీ ఒకే డబ్బాలోంచి రావాలి. కొన్ని ప్యాడ్ల అంచున ఎఫ్‌ఎఫ్, జీజీ లాంటి రెండు అక్షరాలు ఉంటాయి. మందు ఎంత పట్టు ఇస్తుందో అవి చెబుతాయి. అవి రెండు వైపులా ఒకటే ఉండాలి.

అరుదైనవి చాలా ఉన్నాయి. ప్యాడ్‌కు సెన్సరు వైరు ఉన్న కార్లలో వైరు లేని ప్యాడ్ వేస్తే మీటరులో దీపం వెలుగుతుంది. కరెంటు హ్యాండ్‌బ్రేకు ఉన్న వెనక చక్రాల జోలికి సర్వీస్ మోడ్ (హ్యాండ్‌బ్రేకు మోటారును వెనక్కి తిప్పే పద్ధతి) తెలియకుండా వెళ్లకండి. తయారీలోనే లోపమున్న ప్యాడ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. అన్నీ చూశాకే అటు వెళ్లండి.

అంతా బిగించాక, ఇంజను ఆన్ చేసే ముందే పెడల్ గట్టిపడేదాకా నొక్కండి. వెనక్కి నెట్టిన పిస్టన్ ముందుకు రావాలి, లేకపోతే మొదటి బ్రేకు పడదు. అయిదు కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి ఆపండి. చెయ్యి చక్రానికి ఆనించకుండా దగ్గరగా పెట్టి, రెండు వైపుల వేడినీ పోల్చండి. సమానంగా ఉంటే పని అయింది. ఒక వైపు ఎక్కువుంటే, పిన్నులూ పిస్టనూ తర్వాత, ముందు చెవులు చూడండి.