క్యాప్, బ్రిడ్జి వేయించుకునే ముందు నోటిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

“డాక్టరు గారూ, పదిహేను రోజుల్లో అమ్మాయి పెళ్లి. ఈలోగా నా ముందు పళ్లకు బ్రిడ్జి వేసేయండి.” ముహూర్తాలు మొదలయ్యాయంటే మా క్లినిక్‌లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. నోరు తెరిపించి చూస్తే చిగుళ్లు ఎర్రగా వాచి ఉంటాయి, వేలు తగిలితే నెత్తురు. కింది పళ్ల వెనక గార గట్టిపడి ఉంటుంది. బ్రిడ్జిని మోయాల్సిన పంటిలోనే పిప్పి. అలాంటి నోట్లో బ్రిడ్జి వేయడమంటే చెమ్మ గోడకు సున్నం కొట్టడమే. పెళ్లి ఫొటోల్లో బాగానే ఉంటుంది, పెచ్చులూడటం ఆ తర్వాత మొదలవుతుంది.

క్యాప్ అంటే పంటిని చుట్టూ అరగదీసి పైన తొడిగే తొడుగు. బ్రిడ్జి అంటే ఊడిపోయిన పంటి స్థానంలో కట్టుడు పన్ను పెట్టి, అటూ ఇటూ ఉన్న పళ్లకు క్యాప్‌లు తొడిగి వాటి మీద నిలబెట్టేది. రెండూ సిమెంటుతో అతికించేవే, రాత్రి తీసి గ్లాసులో పెట్టుకునేవి కావు. ఒకసారి మూసేశాక కింద పిప్పి పెరుగుతున్నా కంటికి కనపడదు, ఎక్స్‌రేలో కూడా క్యాప్ తెల్లగా అడ్డుపడుతుంది. కాబట్టి కింద బాగు చేసుకోవాల్సిందంతా ముందే చేసుకోవాలి. నోటి పరిస్థితిని బట్టి దానికి రెండు వారాలు పట్టొచ్చు, మూడు నెలలూ పట్టొచ్చు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువా పట్టొచ్చు.

మొదటి రోజు: మందుల సంచీ తెచ్చుకోండి

వాడుతున్న మాత్రలన్నీ, పాత రిపోర్టులన్నీ ఒక సంచీలో వేసుకుని రండి. పంటి డాక్టరుకు ఇవన్నీ ఎందుకని అనుకోకండి. షుగర్ ఉంటే ఈ మూడు నెలల్లో చేయించిన హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు కావాలి. షుగర్ అదుపులో లేకపోతే చిగురు మానదు, చిగురు మానకపోతే పని ముందుకు సాగదు. గుండెకు కృత్రిమ కవాటం వేయించుకున్నవాళ్లు ఆ సంగతి మొదటి మాటగానే చెప్పాలి. చిగుళ్లను కదిలించే చికిత్సకు ముందు వాళ్లకు యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది. ఎముకలు బలహీనపడ్డాయని మాత్రలో ఇంజెక్షన్లో తీసుకుంటున్నవాళ్లు కూడా తప్పక చెప్పాలి. వాటిలో కొన్ని మందుల వల్ల పన్ను పీకిన చోట దవడ ఎముక మానక ఇబ్బంది పెడుతుంది.

రక్తం పలచబడే మాత్రలను పన్ను పీకే ముందు రోజు సొంతంగా మానేసి వచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పన్ను దగ్గర నెత్తురు కారితే దూది నొక్కిపట్టి, కుట్టు వేసి ఆపగలం. గుండెలోనో మెదడులోనో గడ్డకడితే ఆపడం మా చేతుల్లో లేదు. మానాలో వద్దో మీ గుండె డాక్టరు, పంటి డాక్టరు మాట్లాడుకుని చెప్పాలి.

అదే రోజు ఎక్స్‌రేలు తీస్తారు. మిల్లీమీటరు గీతలున్న సన్నటి పుల్లతో ప్రతి పంటి చుట్టూ చిగురు లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఫర్వాలేదు. 4, ఆపైన ఉండి నెత్తురు కూడా వస్తుంటే చిగురు పంటిని వదిలేస్తున్నట్టే. బ్రిడ్జి విషయంలో ఇంకో లెక్క ఉంది. ఆంటే అనే దంతవైద్యుడు 1926లో చెప్పిన సూత్రాన్ని ఇప్పటికీ దంత కళాశాలల్లో నేర్పుతారు: బరువు మోసే పళ్ల వేర్ల వైశాల్యం, లేని పళ్ల వేర్ల వైశాల్యం కంటే తక్కువ ఉండకూడదు. ఇద్దరు మోయాల్సిన మూటను ఒక్కరి నెత్తిన పెట్టకూడదన్నమాట. చిగురు, ఎముక సగం జారిపోయిన పళ్ల మీద పొడవాటి బ్రిడ్జి ఎందుకు వద్దంటామో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ముందు ఏది, తర్వాత ఏది?

నొప్పి, చీము ఉంటే ముందు అవి తగ్గించాలి. తర్వాత ఎలాగూ నిలవని పళ్లు తీసేయాలి. ఆపైన చిగుళ్లు, పిప్పి పళ్లు, రూట్ కెనాల్ (పంటి లోపలి చెడిన నరం తీసి శుభ్రం చేసి నింపడం). అన్నీ అయ్యాక కొన్ని వారాలు ఆగి మళ్లీ చూసి, అప్పుడు పన్ను అరగదీయాలి.

చిగుళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒకావిడ తొందరపడుతుంటే, చిగురు నుంచి నెత్తురు వస్తుండగానే క్యాప్ చేయడానికి పంటి కొలత (అచ్చు) తీసేశాను. తడి ఉన్నచోట కొలత మందు సరిగా అచ్చు పడదు. అంచు దగ్గర ఆవగింజంత గాలి బుడగ మిగిలింది. ల్యాబులో ఆ చోట అంచును అంచనాగా సరిచేసి క్యాప్ పంపారు. అతికించిన రోజు చూడటానికి బాగానే ఉంది. రెండేళ్లకు ఆవిడ మళ్లీ వచ్చారు. క్యాప్ ఊడి నా చేతిలోకి వచ్చేసరికి లోపలి పన్ను నానిన చెక్కలా నల్లగా, మెత్తగా ఉంది. దాన్ని కాపాడలేకపోయాను. ఆ రోజు నుంచి నెత్తురు కనిపిస్తే కొలత తీయను, ఎవరు ఎంత తొందరపెట్టినా.

వాచిన చిగురుతో ఇంకో చిక్కుంది. వాపు తగ్గాక చిగురు వెనక్కి జరుగుతుంది. వాపు మీద కొలిచి చేసిన క్యాప్ అంచు అప్పుడు బయటపడుతుంది. ముందు పళ్లలో అది గీతలా కనపడుతూ ఉంటుంది.

కాబట్టి ముందు గార తీయించుకోండి. “క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయటగా” అని అడగని ఊరు లేదు. పళ్లను కదిలించేది క్లీనింగ్ కాదు. గార కింద చేరిన సూక్ష్మజీవుల వల్ల ఎముక ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది, గార గడ్డలు పళ్లను ఒకదానికొకటి అంటించి పట్టుకుని ఉంటాయి. గడ్డ తీయగానే అసలు బలహీనత తెలుస్తుంది, అంతే. లోతు ఎక్కువగా ఉన్నచోట మత్తు ఇచ్చి వేరు మీద గార కూడా గీకాలి. ఆ తర్వాత 4 నుంచి 6 వారాలు ఆగి మళ్లీ లోతు కొలుస్తాం.

ఆ వారాల్లో చేయాల్సిన పని మీదే. మెత్తటి బ్రష్‌ను చిగురు, పన్ను కలిసే గీత మీద 45 డిగ్రీలు వాల్చి పెట్టి, అక్కడక్కడే చిన్నగా కదపండి. అడ్డంగా గట్టిగా తోమితే పంటి మెడ దగ్గర గాడి పడుతుంది. బొగ్గు, కచ్చిక, ఇటుక పొడి మానేయండి. మొదటి వారం నెత్తురు వచ్చినా ఆపకండి, పాచి పోయేకొద్దీ అదీ తగ్గుతుంది. పళ్ల సందుల్లో దూరే చిన్న బ్రష్ వాడటం ఇప్పుడే అలవాటు చేసుకోండి. రేపు బ్రిడ్జి కింద శుభ్రం చేయాల్సింది దానితోనే. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిస్తే చెప్పినన్ని రోజులే పుక్కిలించండి. ఎక్కువ రోజులు వాడితే పళ్ల మీద గోధుమరంగు మరక పడుతుంది. పేస్టుతో తోమిన వెంటనే కాకుండా అరగంట ఆగి వాడితే బాగా పనిచేస్తుంది.

పన్ను తీసిన చోట తొందర వద్దు

పన్ను పీకాక చిగురు, ఎముక కుంచించుకుపోతాయి. ఎక్కువ మార్పు మొదటి మూడు నెలల్లోనే. వారానికే బ్రిడ్జి పెడితే కట్టుడు పంటి కింద ఖాళీ ఏర్పడి అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి, ముందు పళ్లయితే నల్లగా సందు కనపడుతుంది. అందుకని రెండు మూడు నెలలు ఆగమంటాం. ఆ లోపు తీసి పెట్టుకునే పన్ను ఒకటి చేయించుకోవచ్చు.

దీనికి ఎదురు సమస్య ఏళ్ల తరబడి ఆగినవాళ్లది. కింది దవడ పన్ను తీయించుకుని పదేళ్లు వదిలేస్తే పై పన్ను ఆ ఖాళీలోకి దిగుతుంది, పక్క పన్ను అటు ఒరుగుతుంది. బ్రిడ్జికి చోటే ఉండదు. దిగిన పంటిని కొంచెం అరగదీయడమో, క్యాప్‌తో పొట్టి చేయడమో, ఒరిగిన పంటిని క్లిప్పులతో నిలబెట్టడమో ముందుగా జరగాలి.

క్యాప్ పట్టుకోవడానికి పన్ను మిగలాలి

రూట్ కెనాల్ అయిన పంటికి చిగురు పైన చుట్టూ 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలి ఉండాలి. పీపాను ఇనుప పట్టీ బిగించినట్టు క్యాప్ ఆ భాగాన్ని చుట్టి పట్టుకుంటుంది. అంత లేకపోతే క్యాప్ ఊడిరావడమో, వేరు చీలడమో జరుగుతుంది. చిగురును, ఎముకను కొద్దిగా తగ్గించి పంటి ఎత్తు పెంచే చిన్న ఆపరేషన్ ఉంది. అది చేయించుకుంటే దవడ పళ్లకు కొన్ని వారాలు, ముందు పళ్లకు ఒక్కోసారి ఆరు నెలలు కూడా ఆగాలి. అలా చేసినా నిలవని పన్నుంటే డాక్టరు నిజం చెప్పాలి, మీరూ అడగాలి.

నోరు ఎంత తెరుచుకుంటుందో ఇంట్లోనే చూసుకోండి. మీ చేతి మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. గుట్కా, వక్కపొడి నమిలేవాళ్లకు బుగ్గలు బిగుసుకుపోయి రెండు వేళ్లు కూడా పట్టకపోవచ్చు. అలాంటప్పుడు వెనక పన్ను అరగదీయడం తర్వాతి మాట, ముందు ఆ జబ్బు చూపించుకోవాలి. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లు అంగిట్లో తెల్ల మచ్చలు, పుండ్లు ఉన్నాయేమో తప్పక చూపించుకోవాలి.

నల్గొండ వైపు నుంచి ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే) మరకలతో వచ్చే పిల్లలు అన్ని ముందు పళ్లకూ క్యాప్‌లు అడుగుతారు. పద్దెనిమిదేళ్ల వయసులో పంటి లోపల నరం పెద్దదిగా ఉంటుంది, అరగదీస్తే దానికి దెబ్బ తగలొచ్చు. మరకను పైపైన పాలిష్ చేయడం, బ్లీచింగ్, పలచటి పొర అతికించడం లాంటివి ముందు చూడమని అడగండి. అరిగిన పన్ను మళ్లీ పెరగదు.

అరగదీసే రోజు

టిఫిన్ తిని, మాత్రలు వేసుకునే రండి. మత్తు రెండు మూడు గంటలు ఉంటుంది, ఆ తిమ్మిరిలో తింటే బుగ్గ కొరుక్కుంటారు. లిప్‌స్టిక్ వద్దు. పన్ను ఆరిపోకముందే, పగటి వెలుతురులో క్యాప్ రంగు మీ పళ్లతో సరిచూడమనండి. ఇంటికి వెళ్లేలోపు తాత్కాలిక క్యాప్ పెట్టించుకోండి.

మరి పదిహేను రోజుల్లో పెళ్లి ఉన్నవాళ్ల సంగతి? గార తీసి, పిప్పి శుభ్రం చేసి, తీసి పెట్టుకునే పన్ను ఒకటి రంగు కలిపి ఇస్తాం. ఫొటోల్లో తేడా తెలియదు. అప్పగింతలు, పదహారు రోజుల పండుగ అయిపోయాక వచ్చే తేదీ మాత్రం ఆ రోజే రాయించుకుని వెళ్లండి. అప్పటికి చిగుళ్లు మళ్లీ కొలిచే సమయం కూడా అవుతుంది.